అభ్యర్థిని విధానాన్ని బట్టి, పనితీరును బట్టి తూచడం ఎలా?

ఫ్రాన్స్ పార్లమెంటు ఎన్నికల్లో తలపడిన అభ్యర్థుల ఫొటోలను జతలు జతలుగా స్విట్జర్లాండ్‌లోని పిల్లలకు చూపి, సముద్ర ప్రయాణానికి వెళ్లాల్సి వస్తే వీరిద్దరిలో ఎవరిని మీ ఓడకు కెప్టెన్‌గా పెట్టుకుంటారని పరిశోధకులు అడిగారు. 5 నుంచి 13 ఏళ్ల వయసున్న ఆ పిల్లలకు ఫొటోలు తప్ప మరేమీ ఇవ్వలేదు. అయినా వాళ్లు వేలుపెట్టి చూపిన ముఖమే సుమారు 70 శాతం సందర్భాల్లో ఆ ఎన్నికలో గెలిచినవారి ముఖమని 2009లో వెలువడిన ఆ అధ్యయనం తేల్చింది. ముఖం చూడగానే కలిగే అభిప్రాయమే పోలింగ్ కేంద్రం దాకా వెంట వస్తున్నప్పుడు కులం, మతం, భాష, ప్రాంతం, వంశం, ఆడా మగా అన్న గుర్తింపుల పట్టు ఎంత బలంగా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.

ఈ పట్టును సంకల్పబలంతో వదిలించుకోవచ్చని నేను అనుకోను. నిర్ణయం తీసుకునే వరుసను మార్చుకోవడం మాత్రం ఎవరికైనా సాధ్యమే. మనలో చాలామంది ముందు మనిషిని ఎంచుకుని, ఆ తర్వాత కారణాలు వెతుక్కుంటారు. కింద చెప్పిన పద్ధతిలో ముందు మీ అవసరాలు, తర్వాత ఆ పదవికి ఉన్న అధికారాలు, ఆపైన హామీలు, పనితీరు వస్తాయి. మనిషి ఎవరన్నది చిట్టచివర వస్తుంది.

అభ్యర్థుల పేర్లు వెలువడకముందే మీకేం కావాలో రాసుకోండి

పార్టీలు జాబితాలు ప్రకటించకముందే ఈ పని ముగించాలి. పేర్లు తెలిశాక రాసుకునే ప్రాధాన్యాలు మనకు నచ్చిన అభ్యర్థి కొలతలకు కుట్టించిన చొక్కాలా తయారవుతాయి. మూడు నాలుగు అంశాలు చాలు. పది రాసుకుంటే వాటిలో ఏదో ఒకటి ప్రతి అభ్యర్థికీ సరిపోతుంది కాబట్టి ఇక ఆ జాబితా దేన్నీ తేల్చదు.

"మంచి వైద్యం కావాలి" అని రాసుకుంటే ఉపయోగం లేదు, వద్దనే అభ్యర్థి ఎవరూ ఉండరు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో వైద్యులను నియమించడానికి డబ్బు పెట్టాలా, ప్రైవేటు ఆసుపత్రుల్లో అయ్యే ఖర్చును బీమా ద్వారా ప్రభుత్వం చెల్లించాలా, ఉన్న నిధులు రెండింటికీ చాలకపోతే ముందు దేనికి ఖర్చు చేయాలి అన్న ప్రశ్న వేసుకుని మీ జవాబు రాయండి. ఆ జవాబు కోసం మీరు ఏం వదులుకోవడానికి సిద్ధమో, ఉదాహరణకు కొంచెం ఎక్కువ పన్నా, మరో పథకం వాయిదానా, అదీ ఒక వాక్యంలో చేర్చండి. ఇలా రాసుకున్నాక అభ్యర్థుల మధ్య తేడాలు కనబడడం మొదలవుతుంది.

జర్మనీలో 2002 నుంచి నడుస్తున్న వాల్-ఓ-మాట్ అనే ప్రభుత్వ సాధనం చేసేది దాదాపు ఇదే. అది 38 విధాన ప్రకటనలను ఒక్కొక్కటిగా చూపి అవునో కాదో చెప్పమంటుంది. ఏ ప్రకటన ఏ పార్టీకి నచ్చుతుందో చివరి వరకూ బయటపెట్టదు. నెదర్లాండ్స్‌లో స్టెమ్‌వైజర్ ఇంకా ముందు, 1989లోనే కాగితం మీద మొదలైంది. అటువంటి సాధనం మీకు అందుబాటులో ఉంటే వాడుకోండి. అయితే అది పార్టీల మాటలను పోల్చుతుందే తప్ప చేతలను కాదని గుర్తుంచుకోండి.

ఆ పదవిలో ఉన్నవారి చేతిలో ఏముందో తెలుసుకోండి

న్యూయార్క్ మేయరును సబ్‌వే రైళ్ల ఆలస్యానికి తిట్టుకునే ఓటర్లు ఎప్పుడూ ఉంటారు. ఆ రైళ్లను నడిపేది రాష్ట్ర స్థాయి సంస్థ, అందులో గవర్నరు మాటకే బరువెక్కువ. ఢిల్లీ ముఖ్యమంత్రి పదవికి పోటీపడేవారు శాంతిభద్రతల గురించి ఎన్ని మాటలు చెప్పినా ఢిల్లీ పోలీసులు కేంద్ర ప్రభుత్వం కింద పనిచేస్తారు. వడ్డీ రేట్లను చాలా దేశాల్లో కేంద్ర బ్యాంకు నిర్ణయిస్తుంది, చట్టసభ సభ్యులు కాదు.

అందుచేత మీరు రాసుకున్న ప్రతి అంశం పక్కన అది ఏ స్థాయి ప్రభుత్వం పరిధిలోకి వస్తుందో రాయండి. పోటీ జరుగుతున్న పదవి పరిధిలోకి రాని అంశాన్ని పక్కన పెట్టండి, కొట్టివేయనక్కరలేదు, మరో ఎన్నికలో పనికొస్తుంది. తన చేతిలో లేని పనిని చేసిపెడతానని గట్టిగా చెప్పే అభ్యర్థికి ఆ పదవి గురించి తెలియకపోయి ఉండాలి, లేదా మీకు తెలియదని ఆయన నమ్ముతూ ఉండాలి. గుర్తింపు రాజకీయం పెరగడానికి ఇదీ ఒక దారి: పరిధిలో ఉన్న పని గురించి మాట్లాడితే లెక్క చెప్పాలి, పరిధిలో లేని గౌరవం గురించీ, అవమానం గురించీ మాట్లాడితే ఎవరికీ లెక్క చెప్పనక్కరలేదు.

మేనిఫెస్టోను పద్దు పుస్తకంలా చదవండి

ప్రతి హామీకీ నాలుగు ప్రశ్నలు వేయండి. ఏం చేస్తారు, ఎంతమందికి, ఎప్పటిలోగా, డబ్బు ఎక్కడి నుంచి? "యువత సాధికారతకు కృషి చేస్తాం" అన్న హామీ ఈ నాలుగింటిలో ఒక్కదానికీ జవాబు చెప్పదు; ఐదేళ్ల తర్వాత అది నెరవేరిందో లేదో తేల్చడమూ ఎవరి తరమూ కాదు. "రెండేళ్లలోగా ఖాళీగా ఉన్న ఉపాధ్యాయ ఉద్యోగాలన్నీ భర్తీ చేస్తాం" అన్న హామీ మూడింటికి జవాబిస్తుంది. నాలుగోదాన్ని మీరు సభలోనో, ఇంటికి ప్రచారానికి వచ్చినప్పుడో అడగవచ్చు. మొదటి రకం హామీలను లెక్కలోంచి తీసేసి రెండో రకంవే మిగిల్చితే చాలా మేనిఫెస్టోలు ఒకటి రెండు పేజీలకు కుదించుకుపోతాయి.

డబ్బు లెక్క ఓటరు ఒంటరిగా తేల్చగలిగేది కాదు. కొన్ని దేశాల్లో దానికి సంస్థలే ఉన్నాయి. నెదర్లాండ్స్ కేంద్ర ప్రణాళికా సంస్థ 1986 నుంచి, తమంతట తాము ముందుకొచ్చిన పార్టీల ప్రణాళికలకు ఎంత ఖర్చవుతుందో, ఆర్థిక వ్యవస్థ మీద ఎటువంటి ప్రభావం పడుతుందో లెక్కకట్టి ఎన్నికలకు ముందే ప్రచురిస్తోంది. ఆస్ట్రేలియాలో 2012లో ఏర్పడిన పార్లమెంటరీ బడ్జెట్ కార్యాలయం ఇటువంటి పనే చేస్తుంది. అలాంటి సంస్థ లేనిచోట, కొత్త హామీని ఇప్పటికే నడుస్తున్న అటువంటి పథకపు బడ్జెట్ పద్దుతో పోల్చి చూడడం ఒక మోటు పద్ధతి, అయినా పనికొస్తుంది.

హామీలన్నీ ఎలాగూ నీటిమూటలే కదా, చదవడం దేనికని కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించను. 12 దేశాల్లో 20 వేలకు పైగా హామీలను పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, ఒంటరిగా ప్రభుత్వం ఏర్పాటు చేసిన పార్టీలు అధికారాన్ని పంచుకోవలసి వచ్చిన పార్టీల కంటే ఎక్కువ హామీలు నెరవేర్చినట్టు తేలింది. అంటే హామీలన్నీ ఉత్తి నీటిమూటలు కావు, అవి నెరవేరడం చేతిలో ఎంత అధికారం ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి సంకీర్ణ ప్రభుత్వంలో చిన్న భాగస్వామిని తూచేటప్పుడు, ఏ హామీ కోసం ఆ పార్టీ పట్టుబట్టిందో, దేన్ని నోరెత్తకుండా వదిలేసిందో చూడాలి.

పనితీరును చదవడం: అసలు శ్రమ ఇక్కడే

అభ్యర్థి ఇదివరకే చట్టసభలో ఉన్నవారైతే ముందు ఓటింగ్ రికార్డు వెతకండి. అమెరికా కాంగ్రెస్‌లో పేరు పేరునా నమోదయ్యే ఓట్లూ, బ్రిటన్ కామన్స్ సభ డివిజన్ జాబితాలూ ఎవరైనా చూడగలిగేవే. అయితే ఒక్క ఓటును విడిగా లాగి చూపించే ప్రచారాన్ని నమ్మకండి. 2004 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో అభ్యర్థి, సెనేటర్ జాన్ కెర్రీని ముప్పుతిప్పలు పెట్టిన విషయం ఇదే. ఇరాక్, అఫ్ఘానిస్థాన్ యుద్ధాల కోసం 8,700 కోట్ల డాలర్ల బిల్లుకు తాను మొదట అనుకూలంగా, తర్వాత వ్యతిరేకంగా ఓటు వేశానని ఆయనే అన్నారు, ప్రత్యర్థులు దాన్ని నిలకడలేనితనంగా ఊరూవాడా చాటారు. ఆయన సమర్థించినది ఆ ఖర్చును సంపన్నుల పన్ను రాయితీలు తగ్గించి రాబట్టాలన్న సవరణను. అది వీగిపోయాక మిగిలిన బిల్లును వ్యతిరేకించారు. ఆ వైఖరి మీకు నచ్చవచ్చు, నచ్చకపోవచ్చు, అది వేరే మాట. సవరణ ఏమిటో తెలియకుండా ఓటును మాత్రం చదవలేం.

విప్ (ఎటు ఓటు వేయాలో పార్టీ ఇచ్చే ఆదేశం) గట్టిగా ఉన్న సభల్లో ఓటు సభ్యుడి గురించి చెప్పేది తక్కువ, పార్టీ గురించి చెప్పేది ఎక్కువ. భారతదేశంలో 1985లో పదో షెడ్యూలు రూపంలో వచ్చిన ఫిరాయింపుల నిరోధక నిబంధనల ప్రకారం విప్‌ను ధిక్కరించి ఓటు వేస్తే సభ్యత్వమే పోవచ్చు. పైగా చాలా బిల్లులు మూజువాణి ఓటుతో గట్టెక్కుతాయి, ఎవరు ఎటు పలికారో నమోదు కాదు. ఇటువంటి చోట సభ్యుడు అడిగిన ప్రశ్నలు, చర్చల్లో మాట్లాడిన తీరు, స్థాయీ సంఘాల్లో చేసిన పని, పెట్టిన ప్రైవేటు బిల్లులు చూడాలి. బ్రిటన్‌లో 1965లో మరణశిక్ష రద్దు బిల్లుకు ఇచ్చినట్టు పార్టీ స్వేచ్ఛగా ఓటు వేయనిచ్చిన సందర్భాలుంటే వాటిని వదలకండి. సభ్యుడి సొంత మనసు కనిపించేది అక్కడే.

హాజరు శాతాల విషయంలో ఒక హెచ్చరిక. భారత పార్లమెంటులో మంత్రులు హాజరు పట్టీలో సంతకం చేయరు, ప్రశ్నలూ అడగరు, జవాబులు చెబుతారు. ఆ అంకెలు పట్టుకుని మంత్రినీ సాధారణ సభ్యుడినీ పోల్చడం అన్యాయం. ప్రశ్నల సంఖ్య కూడా మోసగించగలదు. వంద ప్రశ్నల్లో మీ జాబితాలోని అంశాల మీద ఎన్ని ఉన్నాయన్నది లెక్కపెట్టండి.

అధికారంలో ఉన్నవారి విషయంలో బడ్జెట్ పత్రాల దగ్గరికి వెళ్లాలి. భారతదేశంలో కేంద్ర, రాష్ట్ర బడ్జెట్లలో ఒక్కో పద్దు ఎదురుగా బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, వాస్తవ వ్యయం అని వేర్వేరు నిలువు వరుసలు ఉంటాయి. పత్రికల్లో పతాక శీర్షిక అయ్యేది మొదటి వరుసలోని అంకె. అదే పద్దును రెండేళ్ల తర్వాతి బడ్జెట్ పత్రంలో వెతికి, వాస్తవ వ్యయం వరుసలో ఏముందో చూడండి. మొదటి అంకె పెద్దదై, సవరించిన అంచనాలో కరిగిపోయి, వాస్తవ వ్యయంలో సగానికి పడిపోయిందంటే ఆ ఏడాది జరిగిన ప్రకటనలన్నిటికీ విలువ అంతే. ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ నివేదికలు దీని తర్వాతి కథ చెబుతాయి: ఖర్చయిన డబ్బుతో పని జరిగిందా అన్నది. శిలాఫలకం మీద తేదీ ఉంటుంది గానీ పని పూర్తయిన తేదీ ఉండదు.

ఫలితాలను తూచేటప్పుడు రెండు పొరపాట్లు అందరూ చేస్తారు. మొదటిది, అదృష్టాన్ని సామర్థ్యమనుకోవడం. అమెరికాలో చమురు పండే రాష్ట్రాల ఓటర్లు ప్రపంచ మార్కెట్‌లో చమురు ధర పెరిగినప్పుడు తమ గవర్నర్లను తిరిగి గెలిపించడం, తగ్గినప్పుడు ఇంటికి పంపడం జరుగుతోందని ఆర్థికవేత్త జస్టిన్ వుల్ఫర్స్ చూపారు. ఆ ధర మీద ఏ గవర్నరుకూ అదుపు లేదు. విరుగుడు సులువే: మీ ప్రాంతపు అంకెను అదే కాలంలో, అవే పరిస్థితుల్లో ఉన్న పొరుగు ప్రాంతపు అంకెతో పోల్చండి. అందరికీ పెరిగినది ఎవరి ఘనతా కాదు.

రెండోది, కంటికి కనిపించే సాయాన్ని మెచ్చుకుని కనిపించని ముందుజాగ్రత్తను మరచిపోవడం. 1988 నుంచి 2004 వరకు అమెరికా గణాంకాలను పరిశీలించిన ఆండ్రూ హీలీ, నీల్ మల్హోత్రా 2009లో ప్రచురించిన వ్యాసంలో, విపత్తు తర్వాత పంచిన సహాయానికి ఓటర్లు పాలకపక్షానికి ఓట్లతో ప్రతిఫలమిచ్చారనీ, విపత్తును ఎదుర్కొనే ముందస్తు ఏర్పాట్లకు మాత్రం ఏమీ ఇవ్వలేదనీ చూపారు. ముందస్తుగా పెట్టిన ఒక డాలరు భవిష్యత్తులో సుమారు 15 డాలర్ల నష్టాన్ని తప్పిస్తుందని వారి అంచనా. కాబట్టి వరద తర్వాత పడవలో తిరిగిన నాయకుడి ఫొటో చూసినప్పుడు, వరదకు ముందు ఏడాది కాలువల పూడికతీత పద్దులో ఎంత ఖర్చయిందో వెతకండి.

వైఖరి మార్చుకున్న నాయకుల సంగతి ఇంకాస్త ఓపికగా చూడాలి. అమెరికా నేత లిండన్ జాన్సన్ 1937లో కాంగ్రెస్‌లోకి వచ్చినప్పటి నుంచి దాదాపు 20 ఏళ్లు పౌరహక్కుల బిల్లులను వ్యతిరేకిస్తూనే వచ్చారు. 1957లో సెనేట్ నాయకుడిగా అటువంటి బిల్లునే గట్టెక్కించారు, అధ్యక్షుడిగా 1964 పౌరహక్కుల చట్టం మీద సంతకం చేశారు. మారిన తర్వాత ఎన్నాళ్లు నిలబడ్డారు, ఆ మార్పు వల్ల ఏమైనా నష్టపోయారా అన్న రెండు ప్రశ్నలకు జవాబు చూడండి. నష్టపోయి నిలబడిన మార్పు నమ్మదగినది. ఎన్నికకు నెల ముందు వచ్చి మూడు నెలల తర్వాత పోయేది కాదు.

రికార్డే లేని కొత్త అభ్యర్థి అయితే స్థానిక సంస్థలో, సహకార సంఘంలో, సొంత వృత్తిలో ఇతరుల డబ్బునూ అధికారాన్నీ ఎలా వాడారో చూడండి. అదీ దొరకకపోతే ఆ పార్టీ రికార్డే ఆ అభ్యర్థి రికార్డు.

ప్రమాణపత్రంలో ఏం చూడాలి

భారతదేశంలో సుప్రీంకోర్టు 2002, 2003 సంవత్సరాల్లో ఇచ్చిన తీర్పుల వల్ల ప్రతి అభ్యర్థీ నామినేషన్‌తో పాటు ఫారం 26 ప్రమాణపత్రంలో తన మీద ఉన్న క్రిమినల్ కేసులు, కుటుంబ ఆస్తులు, అప్పులు, చదువు వెల్లడించాలి. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడవచ్చు. కేసుల సంఖ్య చూసి ఆగిపోకండి. ధర్నాలో నిషేధాజ్ఞలు ఉల్లంఘించారన్న కేసూ, హత్యాయత్నం కేసూ అంకెల్లో ఒకటే, బరువులో కాదు. న్యాయస్థానం అభియోగాలు నమోదు చేసిందా, శిక్ష పడిందా అన్న వరుసలు చదవండి. ఆస్తుల విషయంలో పాత ఎన్నికప్పటి ప్రమాణపత్రాన్ని పక్కన పెట్టుకుని, పెరుగుదల ప్రకటించిన ఆదాయానికి పొంతన కుదురుతుందో లేదో చూడడమే పద్ధతి. నేరాభియోగాలున్న వ్యక్తిని ఎందుకు నిలబెట్టారో పార్టీ కారణాలు ప్రచురించాలనీ, గెలుపు అవకాశం ఒక్కటే కారణం కారాదనీ 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ కారణాలను తప్పక చదవండి, పార్టీ మిమ్మల్ని ఏ పాటి తెలివైనవారిగా లెక్కగట్టిందో తెలుస్తుంది.

పేరు తీసేసి చూడండి

ఇప్పటిదాకా సేకరించినదంతా ఒక్కో అభ్యర్థికి ఒక్కో కాగితం మీద రాసి, పేరూ పార్టీ గుర్తూ లేకుండా ఇంట్లో మరొకరికిచ్చి చదివించండి, ఎవరు మేలో అడగండి. ఒంటరిగా అయితే ఒకరి రికార్డును మరొకరిదిగా మార్చి ఊహించుకోండి: మీ వారు చేసిన పని ఎదుటివారు చేసి ఉంటే ఇంతే క్షమించేవారా, వారు చేసిన మంచి పని మీ వారిదైతే ఇంకెంత పొగిడేవారు? జెఫ్రీ కోహెన్ 2003లో ప్రచురించిన ప్రయోగాల్లో విద్యార్థులు తమ పార్టీ సమర్థిస్తోందని చెప్పిన సంక్షేమ విధానాన్ని, అది తమ భావాలకు పూర్తి విరుద్ధంగా ఉన్నా సమర్థించారు. పైగా విధానంలోని వివరాలు చూసే నిర్ణయించుకున్నామని గట్టిగా నమ్మారు. కాగితం మీద రాయమంటున్నది అందుకే. మనసులో చేసే పరీక్షలో అందరూ ఉత్తీర్ణులవుతారు.

గుర్తింపుకు ఏ విలువా లేదని మాత్రం ఈ పద్ధతి చెప్పదు. పశ్చిమ బెంగాల్, రాజస్థాన్‌లలో 265 పంచాయతీలను పరిశీలించి రాఘవేంద్ర చటోపాధ్యాయ, ఎస్తేర్ డఫ్లో 2004లో ప్రచురించిన పరిశోధనలో, సర్పంచి పదవి మహిళలకు రిజర్వయిన చోట తాగునీటి మీద పెట్టుబడి పెరిగినట్టు తేలింది. ఎన్నడూ సభలో అడుగుపెట్టని వర్గాల నుంచి వచ్చినవారు ఎవరూ పట్టించుకోని సమస్యలను పట్టించుకోవచ్చు. అది మీకు ముఖ్యమైతే మొదటి జాబితాలోనే ఒక అంశంగా, బయటికి కనబడేలా రాసుకోండి, అన్ని అంశాలకూ లోపాయికారీగా కలిపేయకండి. రిజర్వేషన్‌లో గెలిచిన ఆ మహిళలను కూడా చివరికి నీటి పద్దును చూసే కొలిచారు కదా. ఎదురు ఉదాహరణకూ కొదవలేదు: కేంద్ర ఉద్యోగాల్లో వెనుకబడిన తరగతులకు 27 శాతం రిజర్వేషన్‌ను 1990లో ప్రకటించిన నాటి ప్రధాని వి.పి. సింగ్ పుట్టింది రాజపుత్ర జమీందారీ కుటుంబంలో. వంశం చూసి ఆ నిర్ణయాన్ని ఎవరూ ఊహించలేరు.

మతం, జాతి, కులం, భాష పేరిట ఓట్లడగడం అక్రమ పద్ధతేనని 2017 జనవరిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 4-3 మెజారిటీతో చెప్పింది. అడిగేవారిని చట్టం ఆపగలదు. అడగకుండానే వేసే ఓటును ఆపలేదు.

తేల్చుకోవడం

మీ జాబితాలోని ఒక్కో అంశానికీ ఒక్కో అభ్యర్థికీ ఒక్క వాక్యం రాయండి, మార్కులు వేయకండి. అంకెలు కూడగానే కచ్చితత్వం వచ్చేసినట్టు భ్రమ కలుగుతుంది. అంశాల్లో ఒకటి మిగతావాటి కంటే మీకు చాలా ముఖ్యమైతే, దాని మీద స్పష్టంగా విఫలమైన వారిని ముందే తీసేయండి. ప్రభుత్వాన్ని సభలోని మెజారిటీయే ఏర్పరచే వ్యవస్థలో మంచి అభ్యర్థి, మీకు నచ్చని విధానాల పార్టీ తరఫున నిలబడితే పార్టీకే ఎక్కువ బరువివ్వడం నా అలవాటు, ఎందుకంటే విప్ వచ్చాక ఆ మంచి అభ్యర్థి చేయి లేచేది పార్టీ చెప్పినట్టే; స్థానిక సంస్థల ఎన్నికల్లో మాత్రం మనిషినే చూస్తాను.

ఎవరూ నిలవకపోతే, భారతదేశంలో 2013 నుంచి నోటా ఉంది. లోక్‌సభ, శాసనసభ ఎన్నికల్లో నోటాకు అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చినా, అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలుస్తారు కాబట్టి అది నిరసనను నమోదు చేస్తుందే తప్ప ఫలితాన్ని మార్చదు. ఇద్దరు ప్రధాన అభ్యర్థుల మధ్య మీ జాబితా ప్రకారం ఒక్క అంశంలోనైనా నిజమైన తేడా ఉంటే నోటా జోలికి పోకుండా ఆ తేడాకే ఓటు వేయండి. వేసి వచ్చాక కాగితాలు పారేయకండి: గెలిచినవారి హామీల పక్కన గడువు తేదీలు రాసి ఉంచితే, రెండేళ్ల తర్వాత బడ్జెట్ పత్రంలో ఏ పద్దు వెతకాలో మీకు ముందే తెలిసి ఉంటుంది.